రొమ్ము కోయకుండా రక్తనాళానికి లైనింగు

మా పెనుగొలనులో ఒక పెద్దమ్మగారి భర్తకు దగ్గు తగ్గడం లేదని ఎక్స్‌రే తీయించారు. ఛాతీలోని పెద్ద రక్తనాళం ఉబ్బిందని తేలింది. "రొమ్ము కోస్తారేమోనమ్మా, ఈ వయసులో తట్టుకుంటారా?" అని ఆవిడ నన్నడిగారు. ఈవేళ ఆ సంగతే చెప్పుకుందాం.

గుండె నుంచి ఒంటికంతటికీ రక్తం పంచే నాళాన్ని బృహద్ధమని అంటారు. ఛాతీలో దాని వెడల్పు మామూలుగా 2.5 నుంచి 3 సెంటీమీటర్లు. రక్తపోటు వల్లనో, చుట్ట, సిగరెట్టు వల్లనో, కొందరికి వంశపారంపర్యంగానో గోడ పల్చబడి, పాత సైకిలు ట్యూబులా ఒకచోట ఉబ్బుతుంది. చాలామందికి నొప్పే ఉండదు. పగిలిందా, ప్రాణానికే ముప్పు. అందుకే సాధారణంగా 5.5 సెంటీమీటర్లకు చేరితే వైద్యం ఆలోచిస్తారు.

పూర్వం పక్కటెముకల మధ్య పెద్ద కోత తప్పేది కాదు. 1987లో ఖార్కివ్‌లో, మన తెలుగు పిల్లలెందరో డాక్టరీ చదివిన ఆ ఊళ్లోనే, నికొలాయ్ వొలొదోస్ అనే సర్జను నాళం లోపలి నుంచే మరమ్మతు చేశారు. 1992లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ డాక్టర్లూ మొదలుపెట్టారు.

ఇందులో గజ్జలోని నాళం గుండా, ముడిచిన గొడుగులాంటి గొట్టాన్ని ఎక్స్‌రేలో చూస్తూ పైకి పంపుతారు. లోహపు జాలీకి గుడ్డ తొడిగిన ఆ గొట్టాన్ని ఉబ్బు దగ్గర విప్పుతారు. జాకెట్టుకు లోపల లైనింగు వేసినట్టన్నమాట! రక్తం గొట్టంలోంచి పోతుంది, పల్చని గోడకు ఒత్తిడి తగ్గుతుంది.

అయితే కోత చిన్నదని జబ్బునూ చిన్నచూపు చూడకూడదు. గొట్టం పట్టు దొరకాలంటే ఉబ్బుకు అటూ ఇటూ గట్టి గోడ ఉండాలి. గుండెకు ఆనుకున్న భాగానికి చాలావరకు ఇప్పటికీ పెద్ద ఆపరేషనే. పక్షవాతం, కాళ్లు చచ్చుబడడం వంటి ప్రమాదాలు కొద్దిమందికి ఉంటాయి. గొట్టం పక్కనుంచి రక్తం కారవచ్చు. కనుక జీవితాంతం స్కానింగులు తప్పవు.

ఇంటికి వచ్చాక మన పని మొదలు. బీపీ మాత్ర తప్పనీయకండి, ఆవకాయ, అప్పడాలు తగ్గించండి, చుట్ట మాన్పించండి. తోబుట్టువులకూ పిల్లలకూ పరీక్ష అవసరమేమో అడగండి. ఛాతీలోగాని వీపులోగాని హఠాత్తుగా భరించరాని నొప్పి వస్తే, గ్యాసని సోడా తాగిస్తూ కూర్చోకండి, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

డాక్టరుగారిని మూడే అడగండి: ఉబ్బు ఎన్ని సెంటీమీటర్లు? ఏ భాగంలో? లోపలి గొట్టం సరిపడుతుందా? పెద్దమ్మగారు ఈ మూడూ కాగితం మీద రాయించుకుని విజయవాడ బస్సెక్కారు.