స్త్రీలకు బారయీత

ప్రబంధములు చదివిన సోదరీమణులకు జలక్రీడ క్రొత్తగాదు. అష్టాదశవర్ణనములలో నదియు నొకటి. కావ్యములలోని నాయికలు చెలికత్తెలతో గూడి కొలనులు కలచి యాడుదురు. కాలువరేవున స్నానములాడి, పుష్కరములకు దప్పక పోవు మన యిల్లాండ్రలోనో, మొలలోతు దాటిన నీట నిలువగలవా రరుదు.

నా చిన్ననాట మా కాలువరేవున నొక బాలిక మెట్టు జాఱి నీట బడెను. ఒడ్డున నున్న పెద్దలందఱును గేకలు వేయుటయేకాని చేయి యందింపజాలరైరి. దారినబోవు పాలేరొకడు దుమికి యా పిల్లను బైకి దెచ్చెను. ఆనాటి కేకలు నేటికిని నా చెవులలో నున్నవి. అందుచేతనే ముప్పదియేండ్లు దాటిన పిమ్మట, మా యమ్మాయితోపాటు, ఈతకొలనున స్త్రీలకు బ్రత్యేకించిన వేళ నేనును నీత నేర్చుకొంటిని.

పోటీలలో ఫ్రీస్టైలనగా దోచిన రీతి నీదుట. అయినను వేగమున దానిని మించినది లేనందున నందఱును క్రాల్ అను పద్ధతినే యవలంబింతురు. మన పల్లెల బారలు వేయుట కిది దగ్గఱి చుట్టమే. తల నెత్తి యీదుట మనవారి యలవాటు. ముఖమును నీట నుంచుట దీని మర్మము.

ఒలింపిక్స్‌లో స్త్రీలకు మొదటిసారి యీతపోటీలు జరిగినది 1912లో, స్టాక్‌హోంనందు. పురుషులు చూచుచుండగా స్త్రీలు పోటీలలో నీదరాదను నియమమును దాటి వచ్చి, ఆస్ట్రేలియా వనిత ఫానీ డ్యూరాక్ 100 మీటర్ల పందెమున గెలిచెను. 1926లో అమెరికా యువతి గెర్ట్రూడ్ ఎడర్లీ యీ క్రాల్ పద్ధతినే ఇంగ్లీషు ఛానలు నీది, అంతకుముందు దాటిన పురుషులందఱికంటె దక్కువ కాలములో నావలియొడ్డు జేరెను. మన దేశపు ఆరతీ సాహా 1959లో మొదటి ప్రయత్నము విఫలమైనను, నెల దాటగనే మరల నీది, ఆ ఛానలును దాటిన తొలి ఆసియా వనిత యయ్యెను.

ఇక బద్ధతి. గాలి నిండిన ఱొమ్ము సొరకాయబుఱ్ఱవలె దేలును. కాళ్లు బరువై క్రుంగును. తల నెత్తినకొలది నడుము దిగును, నీరడ్డగించును. కావున జూపు కొలను నేలపై నిలిపి, శరీరమును జాపవలె బఱచవలెను.

చేయి భుజమునకు నేరుగా ముందు నీట జొనిపి, మోచేతిని బైకి నిలిపి, అఱచేతను ముంజేతను నీటిని తొడవఱకు వెనుకకు నెట్టవలెను. ఇచ్చట బనిచేయునవి ముఖ్యముగ నడుమునుండి బాహుమూలము దాక విసనకఱ్ఱవలె వ్యాపించిన వీపు కండరములును, ఱొమ్ము కండరములును. గిలకబావిలో జేద తోడిన వీపున కీ పని క్రొత్తగాదు. నెట్టుట ముగియునపుడు దండచేతి వెనుక కండరము తోడుపడును. భుజములు మాత్రమే కదల్పక, మొండెమునంతను నిటునటు నొరగించుచుండవలెను. లేనియెడల భుజపు గీలును బట్టియుంచు చిన్న కండరములు శ్రమపడి నొప్పి పుట్టును.

ముందుకు సాగించు బలము చాలవఱకు జేతులదే. కాళ్లు సమత్వమును గాపాడును. మోకాళ్లను మడచి తన్నక, తుంటినుండి తొడ, పిఱుదు కండరములతో మెల్లగ నాడింపవలెను. మడమలు వదులుగ నుండవలెను. పొట్ట కండరములు బిగిసి నడుమును నిలుపును.

అన్నిటికంటె గష్టమైనది యూపిరి. నీటిలో ముక్కున నోట బుడగలుగ విడిచి, మొండెముతోపాటు ముఖమును బ్రక్కకు ద్రిప్పి నోట బీల్చుకొనవలెను. తల నెత్తరాదు. ఈ యభ్యాసమును వెడల్పైన పళ్లెమున నీరు పోసి యింటనే చేయవచ్చును, నేనట్లే మొదలిడితిని. పిమ్మట గట్టు పట్టుకొని కాళ్లాడించుట, తరువాత జేతులు, కడపట నన్నియు గలుపుట.

చీర కుచ్చెళ్లు కాళ్లకు జుట్టుకొనును. ఒంటికంటిన యీతదుస్తులే క్షేమము. నేర్పుగల స్త్రీ దగ్గఱ లేక నీట దిగరాదు. కొలనున వచ్చిన యీత ప్రవాహమున జాలదని మఱువరాదు. ఎవరైన మునుగుచున్న, రక్షించు విద్య నేర్వనివారు దుముకరాదు; కేకవేసి, త్రాడో, చీరయో, మూత బిగించిన ఖాళీ డబ్బాయో యందింపవలెను.

మా యమ్మాయి యిప్పుడు కొలను నీ కొననుండి యా కొనకు బోయి వచ్చుచున్నది. నేను సగముననే యలసి గట్టు పట్టుకొందును. అయినను, రేవున నెవరైన జాఱినప్పుడు చేయవలసినదేమో యిప్పుడు మా యింట నిద్దఱకు దెలియును. మీ యింటను దెలిసియుండుట మంచిది.