సబ్బుల పద్దులో మిగిలేదెంత?



నెల మొదట్లో అంగడి చీటీ రాసేటప్పుడు బియ్యం, బేళ్లు, నూనె దగ్గర మనమంతా చెయ్యి బిగబట్టి రాస్తాం. ఏ నూనె చవక, ఏ బియ్యం ఒదుగుతాయి అని పది మాటలు అనుకుంటాం. చీటీ చివరికి వచ్చేసరికి మాత్రం ఒంటి సబ్బు, బట్టల పొడి, బోకులు తోమే సబ్బు, షాంపూ, ఫినాయిల్, ఇత్తడి తోమే పొడి అని వరసగా రాసేసి చేతులు దులుపుకుంటాం. ఒక్క నెల ఈ చివరి వరసను మాత్రం వేరుగా కూడి చూడండి. ఇంత అవుతోందా అని ముక్కున వేలేసుకుంటారు.

అయితే ఇవన్నీ ఇంట్లోనే చేసుకుంటే సరి అని చెప్పడానికి నేను రాలేదు. కొన్ని చేసుకుంటే నిజంగా నాలుగు డబ్బులు మిగులుతాయి. కొన్ని చేసుకుంటే శ్రమే మిగులుతుంది. మరికొన్ని చేసుకోబోతే ఆసుపత్రి ఖర్చు మీద పడుతుంది. ఏది ఏ రకమో తెలుసుకోవడానికి మూడు ప్రశ్నలు చాలు. సరుకు మన చేతికి అందేదేనా? దానికి పట్టే పొద్దుకు, గ్యాసుకు తగినంత మిగులుతుందా? పిల్లలున్న ఇంట్లో దానివల్ల అపాయమేమీ లేదు కదా?

మొదటి ప్రశ్న ఎందుకంటే, మా పుట్టింటి వైపు, నంబులపూలకుంటలో, వెనక కాలంలో బోకులు తోమడానికి ఎవరూ కాణీ ఖర్చు పెట్టేవాళ్లు కాదు. పొయ్యిలో బూడిద, కొబ్బరి పీచు, చింతపండు పిప్పి, అంతే. బూడిదలో క్షారం ఉంటుంది కాబట్టి జిడ్డు వదిలేది. 1999లో దీపం పథకం వచ్చాక మన రాష్ట్రంలో ఎన్నో ఇళ్లలో కట్టెల పొయ్యి పోయి గ్యాసు వచ్చింది. ఆడవాళ్ల కళ్లకు, ఊపిరికి ఎంతో మేలు జరిగింది. కాని పొయ్యితో పాటు బూడిదా పోయింది. ఇప్పుడు బూడిద కోసం ఊరంతా వెతికితే అది ఆదా అవుతుందా? కాబట్టి ఈనాడు మన వంటింట్లో ఏముందో దానితోనే మొదలుపెడదాం.

మొదటిది చింతపండు. హిందూపురం చింతపండు మార్కెట్టు పేరు తెలియని వాళ్లుండరు. చారుకు రసం పిండాక మిగిలే పిప్పిని పారెయ్యకుండా ఒక డబ్బాలో వేసి పెట్టుకోండి. దానికి గుప్పెడు ఉప్పు చేర్చి రాగి, ఇత్తడి సామాన్లు తోమితే తళతళలాడతాయి. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంది. రాగి మీద పేరుకునే నల్లటి పొరను అది కరిగిస్తుంది. తోమిన వెంటనే మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడవాలి. తడి మీద వదిలేస్తే మళ్లీ మచ్చలు పడతాయి. ఇత్తడికి వేరే పొడి కొనే పని ఇక లేదు.

ఒక్క జాగ్రత్త. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్ ఇవేవీ నేల మీద వాడకండి. మన ఇళ్లలో చాలావరకు పరిచేది తాడిపత్రి బండలు, కడప బండలు. అవి సున్నపురాయి జాతివి. పులుపు తగిలితే రాయి మెరుగు పోయి, తెల్లటి మచ్చ శాశ్వతంగా నిలిచిపోతుంది. పాలరాయికీ ఇదే మాట.

ఇక వెండి. వరలక్ష్మీవ్రతానికి ముందు కుందులు, పళ్లెం తీసి పొడితో రుద్ది రుద్ది తెల్లగా చేస్తాం. అలా రుద్దిన ప్రతిసారీ నలుపుతో పాటు కాస్త వెండి కూడా పోతుందని గుర్తుంచుకోండి. దానికి బదులు ఒక పాత అల్యూమినియం గిన్నెలో బాగా వేడి నీళ్లు పోసి, రెండు చెంచాల వంటసోడా, ఒక చెంచా ఉప్పు వెయ్యండి. వెండి సామాను గిన్నె అడుగుకు తగిలేటట్టు పది నిమిషాలు ఉంచండి. వెండిని నల్లబరిచేది గంధకం. అది వెండిని వదిలి అల్యూమినియంను పట్టుకుంటుంది. వెండి వెండిగానే మిగులుతుంది. రాళ్లు పొదిగిన నగలకు మాత్రం ఈ పద్ధతి వద్దు. ఆ గిన్నె నల్లబడుతుంది గనుక దాన్ని ఇక వంటకు వాడవద్దు.

మూడవది కుంకుడుకాయ. కుంకుడు పైపెచ్చులో సపోనిన్ అనే నురగనిచ్చే పదార్థం ఉంటుంది. కుంకుళ్లు, శీకాయ అడవి నుంచి ఏరి తెచ్చేవాళ్లలో గిరిజనులు ఎక్కువ. 1956లో విశాఖపట్నంలో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వాళ్ల దగ్గర ఇలాంటి సరుకులు కొని అమ్ముతుంది. పది పన్నెండు కాయలు కొట్టి, గింజ తీసేసి, రాత్రి వేడినీళ్లలో నానెయ్యండి. పొద్దున పిసికి, పల్చటి గుడ్డలో వడగట్టండి. తలంటుకు ఇది ఉండనే ఉంది. కళ్లలో పడకుండా చూసుకోవాలని మీకు నేను చెప్పాలా!

పట్టుచీరకు ఈ రసం మంచిది. ధర్మవరం చీర ఒకటి పాడైతే ఎన్ని నెలల సబ్బుల ఖర్చు అవుతుందో లెక్క వేసుకోండి. బట్టల పొడిలోని క్షారం పట్టు మెరుపును చంపేస్తుంది. కుంకుడు రసం అంత కఠినంగా ఉండదు. ముందు చీర లోపలి కొసను తడిపి, తెల్లగుడ్డతో అద్ది, రంగు పోతుందేమో చూడండి. పోకపోతే చల్లటి నీళ్లలో రసం కలిపి, చీరను ముంచి తీసి జాడించండి. నానబెట్టవద్దు, పిండవద్దు. నీడనే ఆరెయ్యాలి. జరీ బాగా ఉన్న కొత్త చీరను మొదటిసారి డ్రైక్లీనింగుకు ఇవ్వడమే మేలు.

కుంకుడుతో కానిది కూడా చెబుతాను. తెల్లబట్టలకు అది పనికిరాదు, మసక రంగు పట్టిస్తుంది. రసం రెండు మూడు రోజులకే పులిసి వాసన వేస్తుంది. అందుచేత ఎప్పటికప్పుడే చేసుకోవాలి.

నాలుగవది మనం లెక్కలో వెయ్యనే వెయ్యం. అది నీళ్లు! మన వైపు బోరునీళ్లలో బేళ్లు ఒకంతట ఉడకవు, సబ్బు నురగ రాదు. ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఉంటాయి. సబ్బు వాటితో కలిసి తెల్లటి తెట్టు కట్టి బకెట్టు అంచుకు అంటుకుంటుంది. అంటే మనం కొన్న సబ్బులో కొంత మురికిని వదలగొట్టకుండా నీళ్లతోనే పోట్లాడి పోతోందన్నమాట. బట్టలు తడిపే ముందు బకెట్టు నీళ్లలో ఒక పెద్ద చెంచా చాకలిసోడా కరిగిస్తే ఆ లవణాలు విడిపోయి, తక్కువ సబ్బుకే నురగ వస్తుంది. చాకలిసోడా వేరు, వంటసోడా వేరు. చాకలిసోడాను వంటలోకి పొరపాటున కూడా రానివ్వకండి. పట్టుకు, ఉన్నికి, అల్యూమినియం గిన్నెలకు వాడకండి. చేతులు మండుతాయి కనుక ఎక్కువ సేపు అందులో పెట్టవద్దు. వాన పడ్డ రోజున మిద్దె మీద నీళ్లు పట్టుకోగలిగితే బట్టలకు అంతకన్నా మంచి నీళ్లు లేవు. పట్టిన నీళ్లకు మూత మాత్రం మరవకండి. మూత లేని డ్రమ్ములో దోమ గుడ్డు పెడితే వారం పది రోజుల్లో దోమలు బయలుదేరతాయి. కాబట్టి వారానికోసారి డ్రమ్ము ఖాళీ చేసి, లోపల రుద్ది ఆరబెట్టాలి.

ఇంకొక సరుకు ఎవరికీ డబ్బు ఇవ్వకుండా దొరికేది, ఎండ. 2016లో మా నంబులపూలకుంట బీడునేలల్లో ఎన్.టి.పి.సి. సంస్థ ఎండతో కరెంటు తయారు చెయ్యడం మొదలుపెట్టింది. కరెంటుకు పనికొచ్చే ఎండ మన పరుపులకు, దుప్పట్లకు, పప్పులకు పనికిరాదా? బేళ్లను బాగా ఎండబెట్టి, చల్లారాక, నీడన ఎండిన వేపాకు కలిపి డబ్బాకెత్తితే పురుగు దగ్గరికి రావడం తగ్గుతుంది. తడి ఆకు వేస్తే మాత్రం బూజు పడుతుంది.

మరి ఇంట్లో చెయ్యకూడనివి ఏవి? సబ్బు. దానికి కాస్టిక్ సోడా కావాలి. అది ఒంటి మీద పడితే చర్మం, కంట్లో పడితే చూపు పోతాయి. పైగా చెనిక్కాయ నూనెతో సబ్బు చేస్తే నూనె ఖర్చే సబ్బు ఖర్చును మించుతుంది. 1969లో అహ్మదాబాదులో కర్సన్‌భాయ్ పటేల్ గారు ఇంటి పెరట్లో బట్టల పొడి కలిపి, సైకిలు మీద ఇంటింటికీ తిరిగి చవకగా అమ్మారు. అదే నిర్మా. ఆ కథ వింటే మనకూ హుషారు పుడుతుంది. కాని ఆయన రసాయన శాస్త్రం చదివి, ప్రయోగశాలలో ఉద్యోగం చేసినవారు. అది మరచిపోరాదు.

పళ్లపొడి కూడా చేసుకోవద్దు. బొగ్గు, ఇటుక పొడి, ఉప్పు రోజూ రుద్దితే పంటి పైపొర అరిగిపోతుంది. అరిగిన పొర మళ్లీ రాదు. దంతవైద్యుని దగ్గర ఒక్కసారి అయ్యే ఖర్చుతో ఎన్ని పేస్టులు వస్తాయో మీరే చెప్పండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది వినండి. బాగా తెల్లబడుతుందని బ్లీచింగు పొడిని యాసిడ్‌తో గాని, మరుగుదొడ్డి కడిగే ద్రవంతో గాని కలపకండి. కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన చిన్న గదిలో ప్రాణానికే ముప్పు. వెనిగర్‌లో వంటసోడా కలిపితే బుసబుస పొంగి గొప్పగా కనిపిస్తుంది గాని, పులుపు, క్షారం ఒకదాన్నొకటి చంపుకుని మిగిలేది దాదాపు నీళ్లే. ఫినాయిల్‌ను, యాసిడ్‌ను కూల్‌డ్రింకు సీసాల్లో పొయ్యకండి. దాహం వేసిన పిల్లవాడు సీసానే చూస్తాడు, లోపలున్నది చూడడు.

కాబట్టి ఈ నెల ఒక చిన్న నోటుపుస్తకం తీసుకుని, సబ్బుల పద్దు వేరుగా రాయండి. మాటవరసకు 400 రూపాయలైందనుకోండి. వచ్చే నెల ఇత్తడి పొడి మాని పిప్పి వాడండి, చాకలిసోడాతో బట్టల పొడి తగ్గించండి, తలంటుకు కుంకుళ్లు తెచ్చుకోండి. కుంకుళ్ల ఖరీదూ, సోడా ఖరీదూ అందులోనే రాయాలి సుమా! అప్పుడు మిగిలిందే నిజంగా మిగిలినట్టు. అది 50 రూపాయలే కానివ్వండి, ఏడాదికి 600. పోపులడబ్బాలోనో, పోస్టాఫీసులోనో, ఎక్కడ వేసుకుంటారో మీ ఇష్టం. సెలవు.