కిడ్నీ జబ్బా? ‘మంచి తిండి’ లెక్క మారుతుంది!

ఇంట్లో ఎవరికైనా నీరసంగా ఉంటే ముందు కొబ్బరిబోండాం తెస్తాం. బీపీ ఉందంటే ‘లో సోడియం’ ఉప్పు కొంటాం. చాలామందికి ఇవి మంచివే. కానీ కిడ్నీల పనితీరు బాగా తగ్గినవారికి ఇవే ముప్పు తెచ్చిపెట్టొచ్చు. కారణం, రెండింటిలోనూ ఉండే పొటాషియం.

ఒంట్లో ఎక్కువైన పొటాషియాన్ని కిడ్నీలు మూత్రంతో బయటకు పంపిస్తాయి. అవి దెబ్బతింటే అది రక్తంలో పేరుకుపోయి గుండె లయను దెబ్బతీస్తుంది. ఒక్కోసారి ముందుగా ఏ లక్షణాలూ కనిపించవు. రక్త పరీక్షలో పొటాషియం మామూలుగా 3.5-5 మధ్య ఉంటుంది. 6 దాటితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కూరలు ఇలా వండుకోండి

అలాగని పండ్లు, కూరగాయలన్నీ మానేయాల్సిన పనిలేదు. రిపోర్టులో పొటాషియం ఎక్కువుంటేనే తగ్గించాలి. అరటిపండు, కొబ్బరినీళ్లు, పండ్ల రసాలకు బదులు ఆపిల్, బేరి, అనాస కొద్దిగా తినొచ్చు. బంగాళదుంప, కంద వంటివి చిన్న ముక్కలుగా కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండుకోవాలి. పులుసు, సాంబారులోనైతే పొటాషియం ఆ రసంలోకే దిగుతుంది. కాబట్టి ముక్కలను విడిగా ఉడికించి, నీళ్లు వంపేశాకే అందులో వేయాలి.

ఉప్పు చెంచాడే

రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చెంచా మించకూడదు. ఆవకాయ, అప్పడాలు, బయట కొనే చిరుతిళ్లలోని ఉప్పు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. రుచికి మిరియాలు, వాము, కరివేపాకు వాడుకోవచ్చు.

డయాలసిస్ మొదలైతే...

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. డయాలసిస్ అవసరం లేని దశలో కిలో బరువుకు 0.6-0.8 గ్రాముల మాంసకృత్తులు చాలంటారు. 60 కిలోల మనిషికి ఇది 36-48 గ్రాములు. డయాలసిస్‌లో మాంసకృత్తులు కొంత పోతాయి కాబట్టి అప్పుడు 60-72 గ్రాములు కావాలి. పాత పత్యమే పట్టుకుని పప్పు, గుడ్డు దూరం పెడితే కండలు కరిగి మనిషి నీరసించిపోతారు.

నీళ్లు కూడా అందరికీ ఒకే కొలత కాదు. మూత్రం ఎంత వస్తోంది, కాళ్ల వాపు ఉందా అన్నది చూసి డాక్టరు చెబుతారు.

పక్కింటివారి డైట్ చార్టు మీకు పనికిరాదు. ఆరు నెలల నాటి మీ చార్టు కూడా ఇప్పుడు సరిపోకపోవచ్చు. పరీక్ష చేయించిన ప్రతిసారీ ఆ రిపోర్టును డాక్టరుకు, డైటీషియన్‌కు చూపించి ఏం తినాలో అడిగి తెలుసుకోండి.