పని గంటలు – పని కొలతలు

పెన్నానదిపై 78 టి.ఎం.సి.ల జలాశయము వెలసిన సోమశిల పరిసరముల వారికి మట్టిపని క్రొత్త కాదు. ఆత్మకూరు, ఉదయగిరి మెట్టభూములకు నీరందించుటకై తలపెట్టిన హైలెవెల్ కాలువ సంగతియు వారికి తెలిసినదే. ప్రభుత్వము కూలీలచే మట్టిపని చేయించునపుడు రెండు పుస్తకములు కానవచ్చును. ఒకటి మస్టరు రోలు. ఎవరు ఏ దినమున పనికి వచ్చిరో అందులో నుండును. రెండవది కొలతల పుస్తకము. వాడుకలో దానిని ఎం-బుక్కు అందురు. ఎన్ని ఘనపు మీటర్ల మట్టి లేచినదో అది చెప్పును. త్రవ్వినచోట అక్కడక్కడ త్రవ్వక విడిచిన మట్టిదిమ్మెలు లోతునకు సాక్షులై నిలుచును. మొదటి పుస్తకము కాలమును చెప్పును, రెండవది పనిని చెప్పును. ఒకదానిని చూచి రెండవదానిని ఊహించుట పొరపాటు.

కంప్యూటరు తెరపై పుటలను తీర్చు వెబ్ డిజైను బృందములకును ఈ రెండు పుస్తకములు కావలసియున్నవి. నేడు ఈ వృత్తి నగరములకే పరిమితము కాదు. ఇంటర్నెట్టు సదుపాయమున్న పల్లెలో కూర్చుండియు చేయవచ్చును. కావున మన యిండ్లలోని యువకులు ఏమి లెక్క వ్రాసికొనుచున్నారో పెద్దలకును తెలియుట మంచిది.

ఒక ఉదాహరణము తీసికొందము. ఉదయగిరి కొయ్య చెంచాలు భౌగోళిక గుర్తింపు పొందిన హస్తకళ. వానిని విక్రయించుటకు వెబ్‌సైటు కావలెనని ఒకరు కోరిరనుకొందము. చెంచాల ఫొటోలు తీయవలెను, వివరములు వ్రాయవలెను, పుటల రూపము గీయవలెను, ఆ రూపమునకు కోడు వ్రాయవలెను, తుదకు ఫోనులోను కంప్యూటరులోను పరీక్షింపవలెను. ఫొటోలు రానిదే రూపము తేలదు, రూపము తేలనిదే కోడు సాగదు. కాని సరకు పంపు నిబంధనల పుట రెండు దినములు ఆలస్యమైనను కొంప మునుగదు. ఏ పని ఆలసించిన మొత్తము ఆలసించునో, ఆ పనుల వరుసను 'క్రిటికల్ పాత్' అనగా కీలకమార్గ మందురు. 1957లో అమెరికాలో డ్యూపాంట్ సంస్థకు చెందిన వాకర్, రెమింగ్టన్ రాండ్ సంస్థకు చెందిన కెల్లీ దీనిని రూపొందింప నారంభించిరి. అది రసాయన కర్మాగారముల కొరకు పుట్టినది. చెంచాల దుకాణమునకును అంతే చక్కగా సరిపోవును.

ఇక పనులు నడచు తీరు. బృందమువారు గోడపైనో తెరపైనో ఒక పలకను నాలుగు గడులుగా విభజింతురు: చేయవలసినవి, చేయుచున్నవి, పరీక్షలో నున్నవి, ముగిసినవి. ఒక్కొక్క పనికి ఒక్కొక్క చీటి. జపానులో టొయోటా కారుల కర్మాగారమున తాయిచీ ఓనో 1950ల దశకములో ప్రవేశపెట్టిన 'కాన్‌బాన్' చీటీలు దీనికి మూలము. చీటీలు అంటించుట సులభమే. కష్టమంతయు 'చేయుచున్నవి' గడిలో ఇన్నిటికి మించి యుండరాదని పట్టుపట్టుటలో నున్నది. 1961లో జాన్ లిటిల్ అను అమెరికా పండితుడు ఒక సూత్రమును గణితరీత్యా నిరూపించెను. పని నిలకడగా సాగుచున్నచోట, చేతిలో సగటున 12 పనులుండి వారమునకు 3 ముగియుచుండిన, ఒక్కొక్క పని మొదలు పెట్టిన నాటినుండి ముగియుటకు సగటున 4 వారములు పట్టును. వారమునకు 3 చొప్పుననే ముగించుచు చేతిలో 6 మాత్రమే ఉంచుకొనిన, 2 వారములే. ఎవ్వరును ఒక్క నిమిషమైన త్వరపడలేదు! అడిగిన ప్రతివానికి 'రేపే మొదలు పెట్టెదము' అను మర్యాద ఎంత ఖరీదైనదో చూడుడు.

గంటల లెక్క సంగతి కొంచెము సున్నితమైనది. ప్రతివారును ఏ పనికి ఎంతసేపు పట్టినదో ఆ పూటనే, పావుగంటల లెక్కన వ్రాయవలెను. శనివారమున కూర్చుండి వారమంతటిని జ్ఞప్తికి తెచ్చుకొని వ్రాసిన లెక్క లెక్కయే కాదు. అందరికిని దినమునకు ఎనిమిది గంటలు చక్కగా తేలును. నిరీక్షించిన కాలమును వేరుగా వ్రాయవలెను. చెంచాల పుటకు పట్టినది 10 గంటలే. దినములు మాత్రము 15 అయినవనుకొందము. మిగిలిన కాలము ఫొటోల కొరకును, యజమాని అంగీకారము కొరకును ఎదురుచూచుటలో పోయినది. ఆ 10 గంటలలోను, ముందు వేసిన అంచనా 6. తక్కిన 4 గంటలు ఫొటోలు మార్చుమని రెండుమారులు అడిగినందున పెరిగినవి. లెక్క లేనిచో ఈ 4 గంటలు ఎవరి ఖాతాలోనికి పోవును? మొత్తమునకు ముందే ధర కుదిరియున్నది. సామాన్యముగా అవి అందరికంటె చిన్న జీతగాని రాత్రినిద్రలోనుండి తీయబడును. మా దృష్టిలో ఈ లెక్కకు గల ప్రధానప్రయోజనము ఆ బిడ్డను కాపాడుట.

అందుచేతనే నిమిషనిమిషమునకు తెరను ఫొటో తీయు యంత్రములను, మీటలపై వ్రేళ్ళ తాకిడిని లెక్కించు పరికరములను మేము మెచ్చము. రేడియోలో సెకనుల ముల్లును చూచుచు బ్రదుకు మాకు ఒకటి తెలియును: పది నిమిషముల ప్రసంగమునకు క్యూషీటులో పది నిమిషములే పడును, దాని వెనుకనున్న పూటల ఆలోచన ఏ కాగితమునను పడదు. ఉపాధి హామీ సామూహిక పనులలో 2023 జనవరి 1 నుండి ఫోనులో ఫొటోతో హాజరు నమోదు చేయుట తప్పనిసరి చేసిరి. అయినను మట్టిపనికి కూలి లెక్క కట్టుటకు కొలత తీయుట మానలేదు.

ఆలస్యమైనపుడు మరి యిద్దరిని చేర్చుకొందమను ఊహ మట్టిపనినుండి వచ్చినది. కాలువకు పదిమంది ఎక్కువైన మరికొంత దూరము తెగును. కోడు వ్రాతలో అట్లు కాదు. ఐ.బి.ఎం.లో గొప్ప కంప్యూటరు పథకమును నడపిన ఫ్రెడరిక్ బ్రూక్స్, ఆలసించిన పనికి మనుషులను చేర్చిన అది మరింత ఆలసించునని 1975లో వ్రాసెను. క్రొత్తవారికి నేర్పుటలో పాతవారి గంటలు పోవునుగదా.

వారమున కొకమారు అరగంట కూర్చుండి ఈ రెండు లెక్కలను ప్రక్క ప్రక్కన చూచిన చాలును. గత మూడు పనులలో మార్పులకై పోయిన గంటలెన్నో తేలిన పిమ్మట, క్రొత్త ఒప్పందములో మొదటి మార్పు ఉచితమనియు, రెండవదానినుండి గంటకింత యనియు ముందే వ్రాయవచ్చును. అడిగినవారికి పాత లెక్కను తెరచి చూపవచ్చును.