జపాను నక్క - ఆటలలోని అస్త్రములు

మాట ఒక బాటసారి వంటిది. పుట్టిన ఊరు విడిచి, దేశములు దాటి, వేషము మార్చుకొని, తుదకు తనను ఎరుగని వారి నాలుకపై వచ్చి నిలుచును. నేటి యువకుడు వీడియో గేమ్ ఆడుచు, ఒక బొత్తాము నొక్కి శత్రువుపై అస్త్రమును ప్రయోగించునపుడు, ఆ అస్త్రము పేరు వెనుక ఎన్ని శతాబ్దముల భక్తియు భయమును దాగియున్నవో అతనికి తెలియదు. అట్టి పేర్లలో జపాను దేశపు నక్కకు సంబంధించినవి విశేషమైనవి. వాటిని గూర్చి తోటి విద్యార్థులకు కొంత విన్నవింపదలచితిమి.

జపాను భాషలో నక్కను కిత్సునే అందురు. 9వ శతాబ్దపు ఆరంభమున క్యోకై అను బౌద్ధ భిక్షువు కూర్చిన 'నిహోన్ ర్యోయికి' అను కథాసంపుటిలో ఈ పేరునకు ఒక కథ కలదు. మినో ప్రాంతపు గృహస్థు ఒకడు దారిలో ఎదురైన స్త్రీని పెండ్లాడెను. వారికి ఒక కుమారుడు కలిగెను. ఒకనాడు ఇంటి కుక్క మీదికి ఉరుకగా ఆమె బెదరి, తన నిజరూపమైన నక్కగా మారిపోయెను. అయినను భర్త ఆమెను అసహ్యించుకొనలేదు. మనకు బిడ్డ ఉన్నాడు, నిన్ను మరువజాలను, వచ్చి నిదురించుచుండుమని వేడుకొనెను. 'వచ్చి నిదురించు' అను అర్థము గల మాటయే కిత్సునే అయినదని ఆ కథ చెప్పును.

ఈ నక్కకు జపానులో రెండు ముఖములు కలవు. మొదటిది పూజ్యమైనది. ఇనారి అను దేవత వరి పంటకు అధిపతి. నక్క ఆ దేవతకు దూత మాత్రమే, తానే దేవత కాదు. క్యోటో నగరములోని ఫుషిమి ఇనారి ఆలయము 711లో వెలసినదని సంప్రదాయము. అచ్చటి శిలానక్కల నోట ధాన్యపు కొట్టు తాళపుచెవియో, వరి కంకుల కట్టయో కనిపించును. చేలలో ఎలుకలను తిని పంటను కాపాడు జంతువును రైతు గౌరవించుట సహజమే కదా!

రెండవ ముఖము భయంకరమైనది. 12వ శతాబ్దపు తోబా చక్రవర్తి అంతఃపురమున తమామో అను సుందరి ఉండెడిదట. ఆమె తొమ్మిది తోకల నక్కయని రాజజ్యోతిష్కుడు కనుగొనగా, నాసు అను చోటికి పారిపోయి, అచ్చట బాణములకు కూలి రాయిగా మారినదని గాథ. ఆ రాతిని 'సెస్షో సెకి', అనగా ప్రాణములు తీయు రాయి అందురు. నాసు అగ్నిపర్వత ప్రాంతము. నేల నుండి వెలువడు విషవాయువుల వలన అచ్చట పురుగులు చచ్చుట నిజమే. గాథ ఆ నిజమునకు కారణము కల్పించినది. 2022 మార్చిలో ఆ రాయి రెండుగా చీలినదని వార్త వచ్చినది. పగుళ్లలో చేరిన నీరే దానికి కారణమై యుండునని స్థానికులు భావించిరి.

ఇక ఆటల వంక చూతము. 1996లో జపానులో వెలువడిన పోకెమాన్ ఆటలో తొమ్మిది తోకల నక్క ఒకటి కలదు. దాని తోక పట్టుకొన్నవానికి వేయి సంవత్సరముల శాపము తగులునట. 2011లో 'లీగ్ ఆఫ్ లెజెండ్స్' అను ఆటలో ప్రవేశించిన ఆరి అను పాత్ర కొరియా దేశపు తొమ్మిది తోకల నక్కకు ప్రతిరూపము. ఆమె అస్త్రము పేరు 'ఫాక్స్ ఫైర్', అనగా నక్క నిప్పు. రాత్రివేళ పొలములలో కనిపించు వింత వెలుగులను జపాను పల్లీయులు కిత్సునేబి, అనగా నక్క నిప్పు, అని పిలుచుట చిరకాలపు అలవాటు. 1857లో చిత్రకారుడు హిరోషిగే, సంవత్సరాంతమున ఒక చెట్టు క్రింద నక్కలు తమ నిప్పులతో గుమిగూడు దృశ్యమును ముద్రాచిత్రముగా వెలయించెను.

అన్నిటికంటె ఆశ్చర్యకరమైనది 'గెన్షిన్ ఇంపాక్ట్' అను చైనా ఆట. 2022 ఫిబ్రవరిలో ఇందు యయె మికో అను పాత్ర ఆటగాండ్ర చేతికి వచ్చినది. మికో అనగా ఆలయసేవిక. ఆమె నేలపై నాటు పిడుగుల అస్త్రము పేరులో 'యకన్', 'సెస్షో' అను మాటలు కలవు. సెస్షో అనగా ప్రాణిహింస. బౌద్ధుల పంచశీలములలో మొదటిది నిషేధించునది దీనినే. ఆమె మహాస్త్రము పేరులోనో, మంత్రయాన బౌద్ధుల రహస్యవిధిని సూచించు మాటయు, దివ్యమైన నక్క అను మాటయు కలవు.

యకన్ అను మాట మనదే! సంస్కృతమున శృగాలము అనగా నక్క. మన పొలిమేరలలో ఊళవేయు ఈ జంతువునకు ఇంగ్లీషున జాకాల్ అని పేరు. బౌద్ధ గ్రంథములను అనువదించిన చైనా పండితులు శృగాలమునకు వాడిన మాట జపాను చేరి యకన్ అయినది. అచ్చట జాకాల్ లేదు కావున ఆ పేరు ఫాక్స్ జాతి నక్కకు అంటుకొన్నది. డాకిని అను మన దేశపు శక్తి కూడ జపాను చేరి, తెల్లనక్కపై స్వారిచేయు దేవతగా ఇనారితో కలిసిపోయినది.

పంచతంత్రములోని కరటక దమనకులును నక్కలే కదా! 8వ శతాబ్దమున అవి అరబ్బీలో 'కలీలా వ దిమ్నా' అయి, ఫారసీ ద్వారా ఉర్దూలోనికి వచ్చినవి. తెలుగున చిన్నయసూరి 'నీతిచంద్రిక' ద్వారా మనకు పరిచితములైనవి. పడమటికేగిన నక్క నీతి చెప్పినది. తూర్పున కేగిన నక్క పూజలందుకొన్నది. మన కళాశాలలోని రెండు భాషల విద్యార్థులకును ఈ బంధుత్వము ఆనందదాయకము.

అయితే ఒక ప్రశ్న మిగులును. పవిత్రమైన మాటను ఆటవస్తువుగా చేయవచ్చునా? 2008 అక్టోబరులో 'లిటిల్ బిగ్ ప్లానెట్' అను ఆటలోని ఒక పాటలో ఖురాన్ వాక్యములు ఉన్నవని తెలియగా, సోనీ సంస్థ విడుదలను వాయిదా వేసి, ఆ డిస్కులను వెనుకకు రప్పించి, పాటను సవరించినది. ఆరాధనలో పలుకవలసిన వాక్యము ఆట సందడిలో వినబడుట విశ్వాసికి బాధాకరము. ఆ బాధ ఎరిగినవారము, ఇతరుల దైవదూతను గూర్చియు అదే మర్యాద పాటింపవలదా?

జపాను వారే తమ నక్కను ఆటలలోనికి తెచ్చిరి; అందు తప్పు లేదు. గాథలోని తమామో కథాపాత్ర. ఇనారి ముంగిట నిలిచిన నక్క నేటికిని పూజలందుకొనుచున్నది. ఈ భేదము తెలియక రెంటిని ఒకే గాటను కట్టి, ఇది అంతయు మూఢత్వమని నవ్వుట అజ్ఞానము. ఆటలను నిషేధించుమని మేము కోరుట లేదు. బొత్తాము నొక్కు వ్రేలికి ఆ మాట పుట్టుక కూడ తెలియవలెననియే మా మనవి. తెలిసిన చోట గౌరవము తానే కలుగును.