4.3 బయటి గోడలకు పూత: ఎంపిక సూత్రాలు

4.3.1 పరిచయం

ఇంటి బయటి గోడకు వేసే పూతను మనం ప్లాస్టరింగ్ అనీ, గిలాబా అనీ అంటాం. ఇల్లు కట్టించేవారు సాధారణంగా "ఏ పూత గట్టిది?" అని అడుగుతారు. కాని గట్టి పూతే గోడను పాడుచేసే సందర్భాలు ఉన్నాయి. ఈ భాగం చదివిన తరువాత మీరు గోడ రకాన్ని బట్టి తగిన పూతను ఎంపిక చేయగలుగుతారు.

4.3.2 పూత చేసే పనులు

పూత రెండు పనులు చేయాలి. మొదటిది, వాన నీటిని గోడలోకి పోనివ్వకపోవడం. రెండవది, పునాది నుంచో పైకప్పు నుంచో గోడలోకి చేరిన చెమ్మను ఆవిరిగా బయటికి వదలడం. రెండవ పని జరగకపోతే నీటిలో కరిగి ఉన్న లవణాలు పూత వెనుక స్ఫటికాలుగా మారి దాన్ని నెట్టివేస్తాయి. గోడలు ఉప్పు పూయడానికి, పెచ్చులూడటానికి ఇది ఒక ముఖ్య కారణం. అందువల్ల పూత, దాని వెనుక ఉన్న గోడ కంటే గట్టిగా ఉండకూడదు.

4.3.3 పూతల రకాలు

(అ) సిమెంటు పూత: ఒక పాలు సిమెంటుకు 4 నుంచి 6 పాళ్ల ఇసుక కలుపుతారు. మందం సాధారణంగా 12 నుంచి 20 మిల్లీమీటర్లు. త్వరగా గట్టిపడుతుంది. వానను బాగా ఆపుతుంది, కాని చెమ్మను అంతగా వదలదు. సిమెంటు పాలు ఎక్కువైతే ఆరేటప్పుడు పగుళ్లు వస్తాయి. కనీసం 7 రోజులు నీళ్లు కొట్టాలి.

(ఆ) సున్నపు పూత: గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది. మెత్తగా ఉండి గోడ చిన్న కదలికలను తట్టుకుంటుంది, చెమ్మను వదులుతుంది. 1591లో కట్టిన చార్మినార్ మీది గచ్చు పని సున్నంతో చేసిందే. అయితే పని తెలిసిన మేస్త్రి, సమయం రెండూ కావాలి. పూర్తిగా తడవని సున్నపు రవ్వలు మిగిలితే తరువాత ఉబ్బి గోడ మీద గుంటలు పడతాయి.

(ఇ) సిమెంటు-సున్నం పూత: సిమెంటు, సున్నం, ఇసుక 1:1:6 పాళ్లలో కలపవచ్చు. గుణాల్లో పై రెండింటికీ నడుమ ఉంటుంది.

జిప్సమ్ పూత తడికి నిలవదు. దాన్ని బయటి గోడలకు వాడరాదు.

4.3.4 ఎంపిక: రెండు ఉదాహరణలు

మొదటి ఇల్లు కొత్తది. కాంక్రీటు స్తంభాల మధ్య సిమెంటుతో కట్టిన ఇటుక గోడలు. దీనికి సిమెంటు పూత లేదా సిమెంటు-సున్నం పూత సరిపోతుంది. ఇటుక గోడ, కాంక్రీటు కలిసే చోట ముందుగా ఇనుప వల బిగించాలి. ఇటుక, కాంక్రీటు ఎండకు ఒకే విధంగా వ్యాకోచించవు కనుక, వల లేకపోతే ఆ గీత వెంబడి పగులు వస్తుంది.

రెండవ ఇల్లు తాతల కాలం నాటిది. దరజులో మేకుతో గీస్తే తెల్లని పొడి రాలుతుంది, అంటే గోడ సున్నంతో కట్టింది కావచ్చు. కింది భాగం ఏటా ఉప్పు పూస్తోంది. గట్టి సిమెంటు పూత వేస్తే కొంతకాలం బాగానే కనిపిస్తుంది. తరువాత చెమ్మ ఇంకా పైకి ఎక్కి అక్కడ పెచ్చులూడతాయి. కొన్నిసార్లు పూతతోపాటు ఇటుక ముఖం కూడా ఊడివస్తుంది. ఖర్చు రెండింతలవుతుంది. ఇక్కడ ముందుగా నీరు వచ్చే దారిని మూసి, గోడను ఆరనిచ్చి, సున్నపు పూత వేయాలి. పైన కూడా ఆవిరిని ఆపే పెయింటు కాక, వెల్ల వేయడం మంచిది.

4.3.5 సారాంశం

ముందు గోడను పరీక్షించాలి, తరువాత చెమ్మ కారణాన్ని సరిచేయాలి, ఆ తరువాతే పూతను ఎంచుకోవాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. పూత గోడ కంటే గట్టిగా ఎందుకు ఉండకూడదు?
2. మీ ఊరిలోని ఒక పాత ఇంటి బయటి గోడను పరిశీలించి, దానికి తగిన పూతను కారణాలతో సూచించండి.