వార్తల్లో పదం: ప్యాక్ మౌంట్

శంషాబాద్‌లో విమాన మరమ్మతు కేంద్రాలు, ఆదిబట్లలో విడిభాగాల పరిశ్రమలు పెరుగుతున్న కొద్దీ వార్తల్లో కొత్త సాంకేతిక పదాలు కనిపిస్తున్నాయి. వాటిలో ‘ప్యాక్ మౌంట్’ ఒకటి. విమానంలో గాలిని చల్లబరిచే యంత్రాన్ని ప్యాక్ అంటారు. దాన్ని విమాన శరీరానికి పట్టి ఉంచే బ్రాకెట్లు, కడ్డీలు, కంపనాన్ని పీల్చుకునే దిమ్మలు కలిస్తే మౌంట్. ఎయిర్‌బస్ ఎ320, బోయింగ్ 737 వంటి విమానాల్లో రెండేసి ప్యాక్‌లు పొట్ట భాగంలో ఉంటాయి. ఇంజిన్ నుంచి వచ్చే వేడి గాలి వీటిలో చల్లబడి క్యాబిన్‌కు చేరుతుంది. ప్యాక్ లోపలి చక్రం నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది.

అలాంటప్పుడు యంత్రాన్ని బోల్టులతో గట్టిగా బిగించేస్తే సరిపోదా? సరిపోదు. వేడికి లోహం వ్యాకోచిస్తుంది. కదలడానికి చోటు లేకపోతే ఆ ఒత్తిడికి బ్రాకెట్లు పగుళ్లిస్తాయి, కంపనం నేరుగా క్యాబిన్‌కు పాకుతుంది. అందుకే కడ్డీల చివర గుండ్రటి బేరింగులు అమర్చి కొద్దిపాటి కదలికకు వీలు కల్పిస్తారు. అలాగని పట్టు సడలకూడదు. ఊడితే ప్రయాణికులకు ప్రమాదం తెచ్చే బరువైన భాగాలు అత్యవసర ల్యాండింగ్‌లో ముందువైపు 9 రెట్ల గురుత్వ బలాన్ని తట్టుకోవాలని అమెరికా నిబంధనలు చెబుతున్నాయి. ఒక ప్యాక్ ఆగినా రెండోది ఉంటుంది కదా అనవచ్చు. అది గాలి సరఫరాకు భరోసా ఇస్తుంది గానీ, విరిగిన బ్రాకెట్ చేసే నష్టాన్ని ఆపదు. కనుక ఇక్కడ తనిఖీయే అసలు రక్షణ. ఊళ్ల నుంచి ఐటీఐ, డిప్లొమా చదువులకు వెళ్లే యువత ఈ తనిఖీ పనిని చిన్నదిగా చూడొద్దు.